పొలంగట్టు నుండి శాసనసభకు: ఆచార్య రంగా జీవితం

1938వ సంవత్సరం మార్చి 27వ తేదీన మద్రాసులోని శాసనసభకు 1,100కు పైగా విన్నపాలు ఒక్కసారిగా అందినవి. వానిని తెచ్చినవారు న్యాయవాదులు కారు, పట్టణాలలోని పెద్దమనుష్యులు కారు. ఉత్తరాన ఇచ్ఛాపురంలో బయలుదేరి దక్షిణాన తడ వరకు 9 జిల్లాలను కాలినడకన దాటి వచ్చిన రైతులు. ఆ యాత్రకు 130 దినాలు పట్టినది. నడచిన దూరం 1,500 మైళ్ళకు మించినది. దారి పొడుగునా వందలకొలది సభలు జరిగినవి. శిస్తు భారం, తీరని అప్పు, అడవి పుల్లరి, వెట్టిచాకిరి, ఇవే ఆ కాలపు జమీందారీ గ్రామాలను పీడించిన బాధలు. అవి అంతకుముందు దివాణం కచేరీ గుమ్మం దాటి పోయినవి కావు. ఇప్పుడు శాసనం చేసేవారి బల్లపైకి చేరినవి.

ఆ యాత్రను నడిపిన సంస్థ ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం. దానికి ప్రాణం పోసినవారిలో అగ్రగణ్యులు గోగినేని రంగనాయకులు. లోకం ఆయనను ఎన్. జి. రంగా అని, ఆచార్య రంగా అని ఎరుగును.

రంగాగారు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలులో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. నిడుబ్రోలు కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఊరు. ఆయన పుట్టేనాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై 45 సంవత్సరాలు గడచినవి. డొక్కల కరవులో జనం పిట్టల వలె రాలిపోయిన గుంటూరు సీమలోనే ఆ నీటి వలన మాగాణి పచ్చబడినది, వడ్లు రైలెక్కినవి, రైతుల పిల్లలు బడికి పోయినారు. నీటితోపాటు నీటితీరువ, పంటతోపాటు అప్పు కూడ వచ్చినవన్నది ఆ కథలోని రెండవ భాగం. డెల్టా రైతు మెట్టరైతు కన్న కలవాడే. కాని ప్రతి కిస్తుకూ ప్రభుత్వంతోను, ప్రతి పంటకూ వడ్డీ వ్యాపారితోను లెక్క చూచుకొనవలసినవాడు. తన చేతికి వచ్చినదెంత, పోయినదెంత అని లెక్క కట్టగల రైతుకు ఆగ్రహం త్వరగా వస్తుంది. మన డెల్టా గ్రామాలు రాజకీయాలకు పుట్టినిండ్లు కావడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

రంగాగారు ఉన్నతవిద్యకై ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించారు. 1926లో అక్కడ బి.లిట్. పట్టం పొందారు. అదే సంవత్సరంలో డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థను గూర్చి ఆయన ఇంగ్లీషులో వ్రాసిన గ్రంథం బెజవాడలో అచ్చయినది. ఊళ్ళలో ఎవరికెంత భూమి ఉన్నదో, పాలేరుకు ఏటికి ఏమి ముట్టుతున్నదో, చేతిపనులవారు ఎట్లు బ్రతుకుతున్నారో శాస్త్రదృష్టితో పరిశీలించే పని అప్పటికి మనవారిలో బహు కొద్దిమందే చేపట్టినారు. స్వదేశానికి వచ్చిన పిమ్మట మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైనారు. ఆచార్య అన్న బిరుదు అక్కడిదే. ఆ కొలువులో స్థిరపడి ఉంటే మంచి గ్రంథాలు మరికొన్ని వెలువడి ఉండేవేమో. కాని ఆయన మనస్సు తరగతి గదిలో నిలువలేదు.

దానికి తగిన కారణం స్వగ్రామం చుట్టుప్రక్కలనే ఉన్నది. రంగాగారు ఇంగ్లండులో చదువుకొంటున్న రోజులలో, 1922 జనవరిలో, నిడుబ్రోలుకు ఎంతో దూరం లేని పెదనందిపాడు ఫిర్కాలో రైతులు శిస్తు చెల్లించడం మానివేశారు. పర్వతనేని వీరయ్య చౌదరిగారు ఆ ఉద్యమానికి నాయకులు. కరణాలు, మునసబులు రాజీనామాలిచ్చారు. శాంతిసేన అన్న పేరున వాలంటీర్లు ఊరూరా కాపలా కాచారు. జప్తు చేసిన పశువులకు వేలంలో పాడేవారు లేకపోయారు. అధికారులు సైన్యాన్ని దింపినా వసూళ్ళు సాగలేదు. ఇంతలో చౌరీచౌరా దుర్ఘటన జరిగినది. గాంధీమహాత్ముడు శాసనోల్లంఘనను నిలిపివేశారు. ఫిబ్రవరిలో పెదనందిపాడు ఉద్యమమూ ఆగిపోయినది. ఆ పిమ్మట రైతులు శిస్తు చెల్లించారు. చట్టంలో ఒక్క అక్షరమైనా మారలేదు. ఒక ఫిర్కా అంతా ఒక్కమాటపై నిలువగలదని లోకానికి తెలిసినది, కాని ఆ నిలుకడకు ఫలం పత్రరూపంలో దక్కలేదు. రంగాగారి తరువాతి కృషి అంతా ఈ లోటును పూరించే ప్రయత్నమని నేననుకొంటాను.

శిస్తు నిరాకరించి రాజ్యంతో తలపడడం మన రైతులకే చెల్లిన విషయం కాదు. ఆ నిరాకరణ శాసనాన్ని ఏయే విధాల మలచగలదో తెలియవలెనంటే అమెరికా సంయుక్త రాష్ట్రాల చరిత్రలోని తొలి పుటలను ఒకసారి తిరుగవేయడం మంచిది. అక్కడ స్వాతంత్ర్య సమరం ముగిసిన కొద్దికాలానికే, 1786లో, మసాచుసెట్స్ రాష్ట్రపు పడమటి గ్రామాలలో రైతులు తిరగబడినారు. వారిలో పలువురు ఆ యుద్ధంలో పోరాడిన సైనికులే. ఇంటికి వచ్చేసరికి అప్పులు పెరిగి ఉన్నవి; ప్రభుత్వం పన్నులను నాణెం రూపంలో చెల్లించుమన్నది; చెల్లించలేనివారి పొలాలను కోర్టులు జప్తు చేయసాగినవి, ఋణగ్రస్తులు చెరసాల పాలైనారు. రైతులు ఆయుధాలతో వచ్చి కోర్టులు కూర్చొనకుండ అడ్డగించారు. పూర్వం సైన్యంలో కాప్టెన్‌గా పనిచేసిన డానియల్ షేస్ వారి నాయకులలో ఒకడు. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధాగారం వద్ద ఫిరంగులు ప్రేలినవి, నలుగురు మరణించారు, తిరుగుబాటు చెదరిపోయినది.

అయితే దాని ఛాయ మాత్రం చెదరలేదు. ఆ సంవత్సరం మే నెలలో ఫిలడెల్ఫియాలో సమావేశమై కొత్త రాజ్యాంగం వ్రాసిన పెద్దలలో పలువురి మనస్సులలో షేస్ తిరుగుబాటు కలిగించిన భయం ఉన్నది. రాష్ట్రాలు కాగితపు ద్రవ్యం ముద్రించరాదనీ, ఒప్పందాల బాధ్యతను సడలించే చట్టాలు చేయరాదనీ వారు రాజ్యాంగంలో వ్రాశారు. తిరుగుబాట్లను అణచడానికి పౌరసేనను పిలిచే అధికారం కేంద్రానికి ఇచ్చారు. 1794లో పెన్సిల్వేనియా పడమటి రైతులు సారాపన్నుపై ఎదురుతిరిగినప్పుడు అధ్యక్షుడు వాషింగ్టన్ 13,000 మంది సైనికులను సమీకరించి, కొంతదూరం తానే వెంట నడచినాడు. ఆ పన్ను తుదకు 1802లో రద్దయినది. చిత్రమేమంటే, అదే 1802లో మన మద్రాసు రాజధానిలో కుంఫిణీవారు శాశ్వత పైసలా చట్టం చేసి జమీందారులను రైతుల నెత్తిపై స్థిరపరచినారు.

రంగాగారి తరం ఎదుర్కొన్నది ఆ 1802 నాటి ఏర్పాటునే. అప్పటి మద్రాసు రాజధానిలో రెండు రకాల రైతులుండేవారు. రైత్వారీ గ్రామాలలో రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టేవాడు. జమీందారీ గ్రామాలలో జమీందారుకు కట్టేవాడు. కృష్ణా తీరంలోనే చల్లపల్లి, నూజివీడు, మునగాల వంటి జమీందారీలుండేవి. మొదటి రకం రైతుకు ముప్పయ్యేండ్లకొకసారి జరిగే రీసెటిల్మెంటు గండం. రెండవ రకం రైతుకు ప్రతిదినమూ గండమే.

మొదట రీసెటిల్మెంటు వచ్చినది. 1920వ దశకం చివర కృష్ణా, గోదావరి జిల్లాల శిస్తును రూపాయికి మూడణాల చొప్పున, అనగా నూటికి 18.75 వంతు పెంచవలెనని ప్రభుత్వం తలపెట్టినది. 1928లో గుజరాతులోని బార్డోలీ రైతులు వల్లభభాయి పటేలు నాయకత్వాన శిస్తు పెంపును ఎదిరించి గెలిచిన వార్త ఇక్కడి ఊళ్ళకూ ఉత్సాహమిచ్చినది. దండు నారాయణరాజుగారు, బిక్కిన వెంకటరత్నంగారు మొదలైన పెద్దలతో కలిసి రంగాగారు ఆ ఆందోళనలో పనిచేశారు. ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం వెలసినది కూడ 1928లోనే. ఆ వెంటనే ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం ఆవరించినది. వడ్ల ధర దాదాపు సగానికి పడిపోయినది. శిస్తు మాత్రం పడలేదు, అప్పు అసలే పడలేదు.

1930లో రంగాగారు కేంద్ర శాసనసభలో తొలిసారి అడుగుపెట్టారు. ఒక కాలు సభలో, ఒక కాలు పొలంలో ఉంచి నడచిన జీవితం అప్పటి నుండి మొదలైనది. 1931లో నెల్లూరు సీమలోని వెంకటగిరి జమీందారీ రైతుల ఆందోళనలో పాల్గొన్నారు. 1933లో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నెలకొల్పారు. ఉపాధ్యాయులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించవలెనని నా కోరిక. రైతు కార్యకర్తలకు అర్థశాస్త్రం, రాజకీయం, చట్టం నేర్పే పాఠశాల అది. శిస్తు ఎట్లు లెక్కకట్టుతారు, 1908 నాటి ఎస్టేట్స్ లాండ్ చట్టంలో రైతుకున్న హక్కు ఏది, రశీదు ఎందుకు అడిగి తీసుకొనవలెను అన్నవి తెలిసిన యువకుడు ఒక్కడు ఊళ్ళో ఉంటే దివాణం గుమాస్తా మాట తీరే మారిపోవును. ఆ తరువాతి కాలంలో రంగాగారిని ఎదిరించిన వామపక్ష నాయకులతో సహా, ఎందరో రైతు కార్యకర్తలు ఆ రోజుల రాజకీయ పాఠశాలలలోనే అక్షరాలు దిద్దుకొన్నారు.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు బీహారుకు చెందిన సహజానంద సరస్వతి స్వామి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి. ఆ డిసెంబరులో ఫైజ్‌పూరులో జరిగిన రెండవ మహాసభకు రంగాగారే అధ్యక్షత వహించారు. జమీందారీ రద్దు, శిస్తులో సగం తగ్గింపు, ఋణాలపై మారటోరియం, వ్యవసాయ కూలీలకు కనీస వేతనం ఆ సభ కోరికలు. ఈ నాల్గవ కోరికను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

1937లో మద్రాసులో రాజాజీ ప్రధానిగా కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడినది. రెవిన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారు. మొదట చెప్పిన పాదయాత్ర ఈ మంత్రివర్గపు తలుపులనే తట్టినది. తమవారు అధికారంలో ఉన్నప్పుడు ఊరకుండవలెనని కొందరు కాంగ్రెసువారు అన్నారు. తమవారు ఉన్నప్పుడే అడగవలెనని రైతు సంఘం తలచినది. ఫలితం కనబడినది. 1938లో వచ్చిన వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీని తుడిచివేసినది. అసలుకు రెండింతలు ఇదివరకే చెల్లించి ఉంటే ఆ ఋణం తీరినట్లే. షేస్ అనుచరులు తుపాకి పట్టి కోరినది ఇటువంటి ఉపశమనమే. ఒప్పందాల బాధ్యతను సడలించరాదని అమెరికా పెద్దలు రాజ్యాంగంలో వ్రాసి మూసిన తలుపు ఇదే. మన సీమలో ఆ తలుపు తెరుచుకొన్నది. రైతుబలం ఇక్కడ ఎక్కువని కాదు; రైతు మాటను చట్టపు భాషలోనికి మార్చగలవారు సభ లోపల ఉన్నారు.

ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జమీందారీల విచారణ సంఘం పనిచేసి, భూమికి స్వామి రైతేనని తేల్చినది. శిస్తును 1802 నాటి స్థాయికి తగ్గించవలెనని సూచించినది. కాని అది చట్టం కాకముందే 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసినది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు ఊళ్ళలోని సామాన్యులు. 1940 ఏప్రిల్ 1వ తేదీన ఉత్తరాన మందస జమీందారీలో, అడవి హక్కుల కొఱకు సాగిన పోరాటంలో పోలీసులు కాల్పులు జరిపారు. గర్భవతి అయిన గున్నమ్మ ఆ కాల్పులలో నేలకొరిగినది. వీరగున్నమ్మ పేరు అక్కడి ప్రజలు ఇప్పటికీ తలుస్తారు.

ఈలోగా రైతు ఉద్యమం రెండుగా చీలినది. రైతులందరూ ఒక్కటేనని రంగాగారి సిద్ధాంతం. పదెకరాల ఆసామి, ఎకరం కౌలుదారు, రోజుకూలి ఒక్కటెట్లు అవుతారని కమ్యూనిస్టుల ప్రశ్న. ఈ వాదం ఊరి రచ్చబండలపైకి కూడ చేరినది. రంగాగారు కిసాన్ సభను వీడిపోయారు. 1944 మార్చిలో అఖిల భారత కిసాన్ మహాసభ బెజవాడలో జరిగినది. సహజానందస్వామి అధ్యక్షులు, తండోపతండాలుగా జనం. తాను పుట్టిన డెల్టాలో, తాను పెంచిన సంస్థ చేసుకొన్న ఆ పండుగలో రంగాగారికి చోటు లేదు. ఎవరి పక్షం న్యాయమన్న ప్రశ్న అటుంచి, ఒక నాయకుని జీవితంలో ఇంతకన్న కష్టమైన ఘట్టం ఉండబోదు.

1946లో రాజ్యాంగ పరిషత్తుకు ఆయన సభ్యులైనారు. ఆ డిసెంబరులో లక్ష్య తీర్మానంపై చర్చలో మాట్లాడుతూ, ఈ దేశంలో నిజమైన అల్పసంఖ్యాకులు ఏ మతం వారో కాదు, నోరులేని సామాన్య జనసమూహాలేనని వాదించారు. ఫిలడెల్ఫియా సభకు రైతు తిరుగుబాటు భయరూపంలో చేరినది. ఢిల్లీ సభలో రైతు ఉద్యమం సభ్యుని రూపంలో కూర్చున్నది. రెండు దేశాల రాజ్యాంగ చరిత్రలను బోధించే ఉపాధ్యాయులకు ఈ భేదం ఆలోచింపదగినది.

1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినది. 1802 ఏర్పాటుకు అది చరమగీతం. మరుసటి సంవత్సరం నుండి జమీందారీలు ఒక్కొక్కటిగా ప్రభుత్వ స్వాధీనమైనవి. చల్లపల్లి సీమలో రైతుపెద్ద గొట్టిపాటి బ్రహ్మయ్యగారు, ఇతర ప్రాంతాలలో అసంఖ్యాకులైన కార్యకర్తలు పడిన శ్రమ, రంగాగారి పదిహేనేండ్ల ప్రచారం పట్టాల రూపంలో రైతుల చేతికి వచ్చినవి.

ఎవరి చేతికి? జమీందారు క్రింద జిరాయితీ హక్కు గల రైతు పట్టాదారైనాడు. ఆ రైతు క్రింద మాటపై కౌలు చేసుకొనేవాడు కౌలుదారుగానే ఉండిపోయినాడు, కూలివాడు కూలివాడుగానే. 1936 నాటి నాల్గవ కోరిక కాగితాలలో అడుగున పడిపోయినది. రంగాగారు కూలీల పట్ల అనాదరం కలవారు కారు. రైతు-కూలీ రాజ్యమే తన ఆదర్శమని చెప్పుకొన్నారు, హరిజన నాయకుడు అన్న నవల వ్రాశారు. కాని రైతుకూ కూలికీ పేచీ వచ్చిన చోట న్యాయం ఎటు తూగవలెనో ఆ ఆదర్శం తేల్చలేదు. డెల్టాలో కౌలుదారుల సమస్య నేటికీ తీరలేదు. 1956లో ఒక చట్టం, 2011లో మరొకటి, 2019లో ఇంకొకటి చేయవలసి వచ్చినదంటే మొదటి లోటు ఎంత లోతైనదో గ్రహించవచ్చు.

స్వాతంత్ర్యం తరువాత రంగాగారి దారి మలుపులతో నిండినది. ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్ష పదవికి 1951లో జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారి చేతిలో ఓడిపోయారు. ఆ సంవత్సరమే కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. 1955 ఆంధ్ర ఎన్నికలలో కాంగ్రెసుతో కలిసి కమ్యూనిస్టులను ఎదుర్కొన్నారు, తరువాత కాంగ్రెసులోనే చేరి 1957లో తెనాలి నుండి లోక్‌సభకు ఎన్నికైనారు.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయాన్ని ఆమోదిస్తూ తీర్మానించినది. రైతు చేతిలోని భూమి మళ్ళీ చేజారునని రంగాగారు భయపడినారు. జమీందారు పోయి ఆ స్థానంలో ప్రభుత్వం వచ్చి కూర్చుంటుందని ఆయన వాదం. కాంగ్రెసుకు రాజీనామా ఇచ్చి, ఆ ఆగస్టులో బొంబాయిలో ప్రారంభమైన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులైనారు. దాని వెనుక నిలిచిన మహామేధావి రాజాజీ. 1938లో రైతుల విన్నపాలు స్వీకరించిన ప్రభుత్వానికి అధినేత ఆయనే. ఆ పార్టీలో మిల్లు యజమానులు, మాజీ సంస్థానాధీశులు కూడ ఉన్నారు. జమీందారీల రద్దుకై పోరాడిన రైతునాయకుడు వారి సరసన ఎట్లు కూర్చున్నాడని ఆనాడు చాలమంది ముక్కుపై వేలు వేసుకొన్నారు. రంగాగారి తర్కంలో మాత్రం వైరుధ్యం లేదు: నాడైనా నేడైనా, దున్నే భూమి రైతు సొంతం కావలెను, ఎవరూ లాగుకొనరాదు. 1964లో పదిహేడవ రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు లోక్‌సభలో దానిని ఎదిరించినది ఈ నమ్మకంతోనే. ఆ నమ్మకం సొంత భూమి లేనివానికి ఏమి ఇస్తుందన్నదే ఆయన విమర్శకులు చివరి వరకు విడువని ప్రశ్న.

1962లో తెనాలి ప్రజలు ఆయనను ఓడించారు. చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి సభకు వచ్చారు. 1967లో శ్రీకాకుళం ఆయనను పంపినది. ఆ ఎన్నికలలో స్వతంత్ర పార్టీ 44 స్థానాలు సంపాదించినది. తరువాత ఆ పార్టీ క్షీణించినది; రంగాగారు 1970వ దశకంలో తిరిగి కాంగ్రెసులో చేరారు. 1980 నుండి గుంటూరుకు ప్రాతినిధ్యం వహించారు. 1984లో తెలుగుదేశం పార్టీ రాష్ట్రంలోని 42 స్థానాలలో 30 గెలుచుకొన్నప్పుడు కూడ గుంటూరు ఈ 84 ఏండ్ల వృద్ధునే ఎన్నుకొన్నది. 1991లో ఆయన పార్లమెంటు జీవితం ముగిసినది. మధ్య విరామాలున్నా, 1930లో మొదలైన ఆ జీవితం అర్ధశతాబ్దిని మించినది. ఆ సంవత్సరమే భారత ప్రభుత్వం పద్మవిభూషణ బిరుదుతో గౌరవించినది.

1995 జూన్‌లో రంగాగారు దివంగతులైనారు. ఆ మరుసటి సంవత్సరం రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టినారు. రాష్ట్ర విభజన తరువాత దాని ప్రధాన కార్యస్థానం గుంటూరు ప్రక్కన లాంకు వచ్చినది. డెల్టా రైతు బిడ్డలు, కౌలుదారుల బిడ్డలు, కూలీల బిడ్డలు ఇప్పుడు అక్కడ చదువుకొంటున్నారు.